అవతారికలో ఆగిపోయిన గన్న సేనాని

మారన మార్కండేయపురాణాన్ని పరిచయం చేసే సాహిత్యచరిత్ర పుటల్లో కృతిభర్తను గురించి సాధారణంగా రెండు వాక్యాలు ఉంటాయి. గన్న సేనాని కాకతీయ ప్రతాపరుద్రుని సేనాపతి అనేది మొదటిది. ఓరుగల్లు పతనానంతరం అతనిని చెరపట్టి, బలవంతంగా మతం మార్పించి, మాలిక్ మక్బూల్ అనే పేరు పెట్టారనేది రెండవది. అక్కడితో కృతిభర్త ప్రసంగం ముగిసి హరిశ్చంద్రోపాఖ్యానం మొదలవుతుంది. మొదటి వాక్యానికి మారన అవతారికే ప్రమాణం. రెండవ వాక్యానికి ప్రమాణం పారసీక గ్రంథాలలో ఉంది. ఆ గ్రంథాలను మనం చదవలేదు. చదివి ఉంటే ఆ వాక్యాన్ని ఇప్పుడున్న రూపంలో రాయగలిగేవారం కాదు.

ఈ వ్యాసం ఉద్దేశం గన్న సేనానిని సమర్థించడమూ కాదు, నిందించడమూ కాదు. ఒక తెలుగు కావ్యం కృతిభర్త విషయంలో తెలుగు పరిశోధన ప్రమాణవిచారాన్ని పక్కనపెట్టి మనోభావాన్ని ఆశ్రయించిందని చెప్పడమే. కులచరిత్రలు రాసేవారు అతనిని తమవాడని చెప్పుకుంటారు, నవలాకారులు అతని కోసం కన్నీరు కారుస్తారు. వారి పని వారిది. శాసనాన్ని, తాళపత్రాన్ని, పాఠాంతరాన్ని పరిశీలించడం వృత్తిగా ఉన్న మనం కూడా అదే చేయడం మాత్రం ఆక్షేపణీయం.

ముందుగా మూలం. ఢిల్లీ సుల్తాను ఫిరోజ్ షా వజీరు ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ పూర్వవృత్తాంతాన్ని చెప్పినవాడు షమ్స్-ఎ-సిరాజ్ అఫీఫ్. ఇతని తారీఖ్-ఎ-ఫిరోజ్ షాహీ 1398 నాటి తైమూరు దండయాత్ర తరువాతి రచన. అంటే ఓరుగల్లు పడిపోయిన 1323కు, ఈ రచనకు మధ్య ఏడు దశాబ్దాలకు పైగా ఎడం ఉంది. అఫీఫ్ చెప్పేదాని సారాంశం ఇది. మక్బూల్ తిలంగ్ దేశపు హిందువు, ఆ దేశపు రాయని ఆదరం పొందినవాడు. సుల్తాను మహమ్మద్ ఆ రాయని ఢిల్లీకి పంపగా రాయడు దారిలో మరణించాడు. అటుపై ఇతడు సుల్తాను ఎదుటికి వచ్చి ఇస్లాం స్వీకరించాడు. సుల్తాను ఇతనికి మక్బూల్ అని పేరు పెట్టి, తెలివితేటలను గమనించి పదవి ఇచ్చాడు. ఈ కథనంలో సంకెళ్లు లేవు, కత్తి లేదు, బలవంతం అన్న మాట లేదు. అంతమాత్రాన అతడు సంపూర్ణ స్వేచ్ఛతో మతం మారాడని నేను అనడం లేదు. రాజు పోయి, రాజ్యం పోయి, పరదేశంలో నిలిచిన సేనాని ముందు ఎన్ని దారులుంటాయో ఊహించడం కష్టం కాదు. కాని ఊహను ఊహగా చెప్పాలి. మూలంలో లేని క్రియావిశేషణాన్ని చేర్చి, దానిని మూలానికి అంటగట్టడం పరిశోధన కాదు.

ఇదే కథనంలోని మరొక అంశాన్ని మనవాళ్లు సరిగా వినియోగించుకోలేదు. రాయడు దారిలో మరణించాడన్న మాటకు తెలుగునాట స్వతంత్రమైన సాక్ష్యం ఉంది. ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం ప్రతాపరుద్రుడు నర్మదాతీరంలో కన్నుమూసినట్లు చెబుతుంది. ఒకటి సంస్కృత శాసనం, మరొకటి పారసీక చరిత్ర. వీటి కర్తలకు ఒకరి రచన మరొకరికి తెలిసే అవకాశం లేదు. అయినా రెండూ ఒకే సంఘటన దగ్గర కలుసుకుంటున్నాయి. కాబట్టి తిలంగ్ వ్యవహారంలో అఫీఫ్ చేతికి నికరమైన సమాచారమే అందిందని భావించవచ్చు. అతడు ఆలస్యంగా రాసినవాడు గనుక నమ్మదగడని తోసిపుచ్చేవారు ముందు ఈ సంవాదానికి సమాధానం చెప్పాలి.

ఇక పేరు. అఫీఫ్ చెప్పిన పూర్వనామం అనువాదాలలో ‘కన్ను’ అనీ ‘కట్టు’ అనీ రెండు విధాలుగా కనబడుతుంది. ఈ భేదాన్ని చూసి ‘గన్నయతో దీనికి సంబంధం ఎక్కడ’ అని ప్రశ్నించేవారు ఉన్నారు. తాళపత్రాల మీద బండి రకార, అరసున్నల కోసం తగవులాడిన మనకు ఈ ప్రశ్న చిక్కు కాకూడదు. పారసీక లిపిలో పదమధ్యంలోని నకారానికి, తకారానికి ఆకారం ఒక్కటే. పైన ఒక చుక్క ఉంటే నకారం, రెండు ఉంటే తకారం. ద్విత్వాన్ని గుర్తుపెట్టి చూపడం లేఖకుల ఇష్టం. గకారాన్ని కకారం నుంచి వేరుచేసే అదనపు గీతను పాత రాతప్రతుల్లో తరచు విడిచిపెడతారు. అంటే ‘గన్ను’ అని రాయదలచిన లేఖకుని చేతిలోంచి ‘కను’ వెలువడవచ్చు. మరొక లేఖకుని చేతిలో ఒక చుక్క ఎక్కువ పడి అది ‘కతు’ కావచ్చు. గన్నయ, గన్నమ నామాలకు ‘గన్ను’ సహజమైన పిలుపురూపం. ఇది సాధారణ పాఠపరిష్కరణ సూత్రమే. నన్నయ పద్యానికి వర్తింపజేసే సూత్రాన్ని అఫీఫ్ వాక్యానికి వర్తింపజేయడానికి మనకు అడ్డమేమిటో తెలియదు.

అయినా పేరు, దేశం, రాజాదరణ అనే మూడు పోలికల మీద నిలిచిన ఈ అభేదం బలమైన సంభావ్యతే తప్ప సిద్ధాంతం కాదు. ‘గన్నయే మక్బూల్’ అని నిర్ణయాత్మకంగా చెప్పేవారితోనూ నాకు పేచీ ఉంది. గన్నయ అనేది కాకతీయుల కాలంలో అపురూపమైన పేరు కాదు. రాయని ఆదరం పొందిన సేనాని ఒక్కడే ఉండడు. ‘అయ్యాడు’ అనే చోట ‘అయి ఉండవచ్చు’ అని రాస్తే కృతిభర్త గౌరవానికి వచ్చే లోటు లేదు.

ఈ అభేదాన్ని తిరస్కరించేవారి ప్రధానాయుధం మరొకటి. మక్బూల్‌కు చదవడం, రాయడం రావని అఫీఫ్ స్పష్టంగా చెప్పాడు. తిక్కన ప్రసాదం వల్ల కవితాశక్తి కలిగిందని చెప్పుకున్న మారన, ఒక నిరక్షరాస్యునికి మహాపురాణాన్ని అంకితమిస్తాడా అని వీరు అడుగుతారు. వినడానికి గట్టిగా ఉంది కాని, ఈ ప్రశ్నలో రెండు పొరపాట్లున్నాయి. ఢిల్లీ దివానులో చదువు అంటే పారసీకపు చదువు. లెక్కలూ, ఫర్మానాలూ ఆ భాషలోనే నడుస్తాయి. నడివయసులో ఆ కొలువులో చేరిన తెలుగు సేనానికి ఆ లిపి పట్టుబడకపోవడం, అతనికి తెలుగు రాదనడానికి సాక్ష్యం కాదు. రెండవది మన రంగానికి చెందినదే. కృతిభర్త కావ్యాన్ని చదవాలని ఎవరు చెప్పారు? అవతారికల్లో కృతిభర్త కొలువుతీరి వింటాడు. భాస్కర రామాయణం సాహిణి మారనకు అంకితం. ‘సాహిణి’ అంటే అశ్వసేనాధికారి. ఆ సాహిణికి వ్యాకరణ పరీక్ష పెట్టి ఉత్తీర్ణుడైతేనే కృతిభర్తగా ఒప్పుకుంటామని ఎవరూ అనలేదు. ఆ పరీక్ష గన్నయకు మాత్రమే ఎందుకు? గజసాహిణి జాయప నృత్తరత్నావళి రచించిన కాలమది. అందరు సేనానులూ జాయపలు కారు, కానక్కరలేదు.

దండయాత్రల విషయానికి వస్తే అనామత్తు ప్రకటనలు మరీ ఎక్కువ. తుగ్లక్ కాలపు గుజరాత్ ఘటనలను మక్బూల్ ఖాతాలో వేసే వ్యాసాలు ఉన్నాయి. బరనీ గ్రంథంలో ముక్బిల్ అనే మరొక వ్యక్తి ఉన్నాడు. అతడు అప్పటి వజీరు ఖ్వాజా-ఎ-జహాన్ అహ్మద్ అయాజ్ బానిస, గుజరాత్‌లో నాయబ్ వజీరు. రాజధనాన్ని తీసుకుపోతూ ఉండగా దభోయి, బరోడా ప్రాంతాల అమీర్ల చేతిలో దోపిడికి గురైనవాడు. పారసీక లిపిలో ముక్బిల్, మక్బూల్ రూపాలకు ఒక్క వావ్ అక్షరమే తేడా. ఇద్దరి హోదా పేరు కూడా కలుస్తుంది. ఈ రెండు జీవితాలను కలిపి కుట్టిన బొంతనే మనం ‘గన్న సేనాని విజయాలు’ అని చదువుతున్నాం.

అతని పేరుతో నిక్కచ్చిగా చెప్పగలిగేవి తక్కువే. మహమ్మద్ తుగ్లక్ కాలంలో ఖవాముల్ముల్క్ బిరుదు, ముల్తాన్ ఇక్తా లభించాయి. తరువాత ఓరుగల్లు వ్యవహారం వస్తుంది. కాపయ నాయకుడు తిరగబడగా నాయబ్ వజీరు మాలిక్ మక్బూల్ అక్కడినుంచి తప్పించుకుని ఢిల్లీకి క్షేమంగా చేరాడని బరనీ రాశాడు. ఈ మక్బూల్ మన గన్నయే అయితే, తాను ఒకప్పుడు కాపాడిన కోటను సుల్తాను పక్షాన ఏలుతూ, తనవంటి కాకతీయ నాయకుని చేతిలోనే పోగొట్టుకున్నాడన్నమాట. దేశద్రోహి అనే ముద్ర ఇక్కడే పుడుతుంది. ఆ ముద్ర వేయడానికి 14వ శతాబ్దిలో లేని ‘దేశం’ అనే భావన కావాలి. సేనాని విధేయత ఏలికకు. ఆ ఏలిక నర్మద ఒడ్డున మరణించాడు. ఓరుగల్లును విడిపించిన కాపయ నాయకుడే 1347 ప్రాంతంలో దక్కనులో తిరగబడిన తురుష్క అమీర్లకు సైన్యసాయం పంపాడని ఫెరిష్తా చెబుతాడు. దానిని మనం రాజనీతి అంటాం. అతనికి రాజనీతి, ఇతనికి ద్రోహం అనే ఈ రెండు తక్కెడలు ఎక్కడినుంచి వచ్చాయి?

అసలు మనం పూర్తిగా వదిలేసిన భాగం 1351 తరువాతిది. ఆ ఏడాది మార్చిలో సింధులోని తట్టా సమీపంలో మహమ్మద్ తుగ్లక్ మరణించాడు. సైన్యం ఫిరోజ్‌ను సుల్తానుగా ఎన్నుకోగా, ఢిల్లీలో ఉన్న ఖ్వాజా-ఎ-జహాన్ ఒక బాలుని సింహాసనం ఎక్కించాడు. అప్పుడు మక్బూల్ నగరం విడిచి వెళ్లి ఫిరోజ్‌ను చేరాడు. వజీరు పదవి, ఖాన్-ఎ-జహాన్ బిరుదు దాని ఫలితాలు. ఆ తరువాత ఫిరోజ్ బెంగాలుపై రెండుసార్లు దండెత్తినప్పుడూ, 1360లలో తట్టాపై సాగిన సుదీర్ఘ దండయాత్రలోనూ రాజధాని భారం ఇతనిదే. తట్టా నుంచి మరలిన సైన్యం కచ్ఛ్ రణ్‌లో దారితప్పి, ఆరు నెలలు సుల్తాను జాడ తెలియనప్పుడు, క్షేమవార్త వచ్చిందని ఒక కల్పితలేఖ పుట్టించి ఢిల్లీలో అలజడి రాకుండా ఆపాడని అఫీఫ్ కథనం. ముట్టడిలో ఉన్న కోట లోపలి జనం ధైర్యాన్ని నిలపవలసి వచ్చినవాడికి ఆ ఎత్తుగడ కొత్త కాకపోవచ్చు. ఇది నా ఊహ మాత్రమే. అతని అంతఃపురంలో రెండువేలమంది స్త్రీలు ఉండేవారన్నదీ అఫీఫ్ మాటే. అటువంటి సంఖ్యలను మన ప్రబంధాల చతురంగబలాల లెక్కలాగే చదువుకోవాలి.

హిజ్రీ 770లో, అంటే 1368-69లో అతడు మరణించాడు. ఢిల్లీ నిజాముద్దీన్ బస్తీలో ఉన్న అతని సమాధి ఎనిమిది కోణాలది. ఆ నగరంలో అష్టకోణ సమాధుల వరుసకు మొదటిదిగా వాస్తుచరిత్రకారులు దానిని గుర్తిస్తారు. సయ్యద్, లోదీ సుల్తానుల సమాధులు ఆ నమూనాను అనుసరించినవే. ఇంతటి విషయం మన సాహిత్యచరిత్రల్లో అధోజ్ఞాపికకు కూడా నోచుకోలేదు.

సమాధి సంగతి సాహిత్యం కాదని ఎవరైనా అనవచ్చు. సరే, సాహిత్యం మాటే చెప్పుకుందాం. మక్బూల్ కుమారుడు జూనా షా తండ్రి పదవిని, బిరుదును పొందాడు. ఆ జూనా షా ఆశ్రయంలోని మౌలానా దావూద్ 1379లో చాందాయన్ రచించాడు. అహీర్ల జానపద వీరుడు లోరిక్, చాందాల ప్రేమకథను అవధీలో చెప్పిన సూఫీ కావ్యమది. హిందీ సాహిత్యచరిత్రకారులు ప్రేమాఖ్యాన పరంపరను దానితోనే ప్రారంభిస్తారు. దాని పోషకుడు ఎవరి కుమారుడో, ఆ తండ్రి తెలుగులో ఏ పురాణానికి కృతిభర్త అయి ఉండవచ్చో వారికి తెలియదు. అది వారి తప్పు కాదు, చెప్పవలసిన మనం చెప్పలేదు. తండ్రి పేరు మీద వచ్చిన పురాణంలోంచి పెద్దన స్వారోచిష మనుసంభవాన్ని తీసుకున్నాడు, తెలుగులో ప్రబంధయుగం మొదలైంది. కొడుకు పేరు మీద వచ్చిన కావ్యం వెనుక మృగావతి, పద్మావత్ నడిచాయి. అభేదం సంభావ్యమే అయినా, ఒక కుటుంబం రెండు భాషల కథాకావ్య పరంపరల మొదట్లో నిలిచి ఉండే అవకాశాన్ని ఒక్క వాక్యంతో మూసివేసిన మనం, ఆ వాక్యంలోనూ ‘బలవంతంగా’ అనే పదాన్నే ఎంచుకున్నాం.

దీనికి పారసీకం రాదన్నది సాకు. బరనీ, అఫీఫ్ గ్రంథాల ముఖ్యభాగాలు ఇలియట్, డౌసన్‌ల సంపుటంలో 1871 నుంచి ఆంగ్లంలో ఉన్నాయి. ఆ అనువాదంలో లోపాలు లేకపోలేదు. మూలం చదవగల ఉర్దూ, పారసీక శాఖల ఆచార్యులు హైదరాబాదులో మన శాఖలకు కూతవేటు దూరంలోనే ఉన్నారు. మారన షష్ఠ్యంతాలను, దావూద్ తన కావ్యారంభంలో జూనా షాకు చేసిన ప్రశంసను ఒకే బల్లమీద పెట్టి, ఏ గుణాన్ని ఏ మాటలతో మెచ్చుకున్నారో పోల్చి చూడడానికి ఇద్దరు పరిశోధకులు, ఒక విద్యాసంవత్సరం చాలు. అందాకా మన పాఠ్యగ్రంథాల కొత్త ముద్రణల్లో ఆ ఒక్క క్రియావిశేషణాన్ని తొలగించి, ‘అయ్యాడు’ను ‘అయి ఉండవచ్చు’గా దిద్దే పని పరిష్కర్తల చేతిలోనే ఉంది.