నేల క్లాసు సీసా – బాల్కనీ రుచి!

కొత్తగూడలో 'వైన్స్' అని బోర్డున్న దుకాణానికెళ్ళి వైన్ అడిగి చూడండి. కౌంటరు కుర్రాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. విస్కీ, బ్రాందీ చేతికందే ఎత్తులో ఉంటాయి. వైన్ మాత్రం పై అరలో దుమ్ము కొట్టుకుని ఉంటుంది!

ఈ గోలంతా ఎందుకంటే... మొన్నామధ్య పారిస్ నించి వచ్చిన సాఫ్ట్‌వేర్ మిత్రుడొకడు, సుంకం లేకుండా తెచ్చుకోనిచ్చే 2 లీటర్లలో ఒక ఎర్ర సీసా నాకోసం పట్టుకొచ్చాడు. పేరు 'మూలాన్ ద గసాక్'. "అక్కడిది చవక సరుకేరా, ఏమీ అనుకోకు" అన్నాడు. అనుకోవడమా! గసాక్ పేరు నేను సినిమాలో విన్నాను కదా!

సదరు చిత్రం 'మోండోవినో'. దర్శకుడు జొనాథన్ నాసిటర్. 2004 కాన్ ఉత్సవంలో పోటీకి నిలిచిన డాక్యుమెంటరీ. పాటల్లేవు, ఫైట్లు లేవు, కథ మాత్రం అచ్చం మనదే. దక్షిణ ఫ్రాన్సులో అనియాన్ అనే పల్లె. కాలిఫోర్నియా నించి మొండావి కంపెనీ దిగి, కొండమీది అడవి కొట్టి ద్రాక్ష వేస్తానంది. ఊరు రెండుగా చీలింది. వద్దన్నవాళ్ళలో ముందున్నాడు ఎమే గిబేర్. 2001 ఎన్నికల్లో కంపెనీని రమ్మన్న మేయరు ఓడాడు, కమ్యూనిస్టు గెలిచాడు, కంపెనీ మూటాముల్లె సర్దుకుంది.

అన్నట్టు, ఈ గిబేర్ పేదరైతేం కాదు. తోలు చేతితొడుగుల వ్యాపారి. అక్కడ పొలం కొన్నాక, బోర్డో ప్రొఫెసరొకాయన నేల చూసి భేషంటే, బోర్డో వాళ్ళ కాబెర్నే ద్రాక్ష నాటాడు. 1978లో తొలి వైన్. ఆ ప్రాంతం రూల్సులో ఆ ద్రాక్ష లేదు. దాంతో లేబుల్ మీద గొప్ప ముద్ర దక్కలేదు, నేల క్లాసు 'టేబుల్ వైన్' గానే అమ్మారు. అయినా బొమ్మ ఆడింది! ఇప్పుడు ఆ పెద్ద సీసా ఖరీదైనదే. నాకొచ్చింది దాని తమ్ముడు. ఇరుగుపొరుగు రైతుల ద్రాక్షతో ఆ కుటుంబమే చేయించేది.

బయటివాణ్ణి ఆపినవాడూ బయటివాడే, నాటిన ద్రాక్షా బయటిదే. ఈ మెలికని దర్శకుడు పట్టించుకోలేదని నా ఫిర్యాదు. మొండావీలని మాత్రం రాజనాల లెవెల్లో చూపించాడు. తమాషా ఏమిటంటే, తరవాత అదే ఊళ్ళో నటుడు జెరార్ డిపార్దియో కూడా తోట కొన్నాడు.

సరే, రుచి. మటన్ వేపుడు పక్కన పెట్టుకుని మూత తీశాం. మొదటి గుక్క వగరు. రెండో గుక్కకి నేరేడుపళ్ళు తిన్నాక నాలుకమీద మిగిలేదే... తీపి మచ్చుకి కూడా లేదు. మా వాడు మొహం చిట్లించాడు, నేను ఇంకో గ్లాసు వంచుకున్నాను. (21 నిండని తమ్ముళ్ళూ, మీరు సినిమాతో సరిపెట్టుకోండి.)

ఇక్కడ కొందామంటే? విదేశీ వైన్ మీద ఏళ్ళతరబడి 150 శాతం దిగుమతి సుంకం బాదిన దేశం మనది. అక్కడి నేల టికెట్టు ఇక్కడికొచ్చేసరికి బాల్కనీ!

హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలుండేవి. తినే పళ్ళు, వైన్‌కి కావు. చాలా తోటల్లో ఇప్పుడు అపార్టుమెంట్లు. అనియాన్‌లోలాగ మనల్ని ఎవరూ ఓటేయమనలేదు. అడిగితే వద్దనేవాళ్ళమా? మా బాల్కనీలోంచి కనబడే టవర్లు లెక్కపెడుతూ మావాడూ నేనూ దీనిమీదే సీసా అయిపోయేదాకా వాదించుకున్నాం. వాడు ఆ టవర్లలో ఒకదాన్లోనే ఫ్లాటు కొన్నాడు మరి!