గీత ఒక్కటే, మైదానాలు వేరు



పోయిన నెల ఒక సాయంత్రం మాలో ఒకరి మనుమడు దినపత్రిక పట్టుకొని వేపచెట్టు అరుగు దగ్గరకు వచ్చాడు. విదేశంలో ఒక పెద్దాయన తన జీవితకాలంలో ఎన్ని గోల్ఫ్ మైదానాల్లో ఆడాడో లెక్క రాసుకున్నాడట. అది చదివి వినిపించి, "తాతా, మరి మీరు ఎన్ని మైదానాల్లో ఆడిండ్రు?" అని అడిగాడు.

గోల్ఫ్ మేము ఎన్నడూ ఆడినవారము కాము. హైదరాబాదులో గోల్కొండ కోట పక్కన ఒక గోల్ఫ్ మైదానం ఉన్నదని తెలుసు, అంతే. ఆ ఆటలో బంతిని కర్రతో కొట్టి దూరాన ఉన్న చిన్న గుంతలో వేయాలి. అలాంటి గుంతలు పద్దెనిమిది. స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్‌లో 1764లో ఈ పద్దెనిమిది లెక్క మొదలైంది. తర్వాత లోకమంతా అదే పాటించింది. విచిత్రమేమంటే, గుంతల లెక్క ఒక్కటే గాని ఏ రెండు మైదానాలూ ఒక్కతీరుగా ఉండవు. ఒకచోట చెరువు అడ్డం వస్తుంది, ఇంకొకచోట ఇసుక గుంట, మరొకచోట చెట్లు.

మా ఆట వాలీబాల్. దీనికీ పద్దెనిమిదే లెక్క. మైదానం పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. నెట్టు ఎత్తు మగవారికి 2.43 మీటర్లు, ఆడవారికి 2.24 మీటర్లు. ఏ ఊరికి పోయినా ఇదే గీత. మరి గీత ఒక్కటే అయినప్పుడు మైదానాలను లెక్కపెట్టడం దేనికి అని మొదట అనుకున్నాము. అయినా పిల్లవాడు కాగితం, పెన్ను తెచ్చాడు గనుక చెప్పడం మొదలుపెట్టాము. చీకటి పడేసరికి నలభై ఒకటి తేలాయి. ఒక్కొక్కటి చెబుతుంటే ఏ రెండూ ఒక్కతీరుగా లేవని మాకే తెలిసివచ్చింది.

మేమంటే ఆరుగురం. జనగామ దగ్గరి పల్లెవారము. ఇద్దరు బడిపంతుళ్లు, ఒకరు రైల్వే గ్యాంగుమన్, ఒకరు దర్జీ, ఇద్దరు సేద్యగాళ్లు. 1974లో మొదలుపెట్టాము. నలుగురం పేటవాళ్లం, ఇద్దరు ఊరివాళ్లు. చాయ్ హోటల్లో మాకు గ్లాసులు వేరుగా పెట్టిన రోజులవి. వాలీబాల్‌లో మాత్రం సర్వీసు మన చేతికి వచ్చిన ప్రతిసారీ ఆరుగురూ ఒక్కొక్క స్థానం జరగాలి. ముందున్నవాడు వెనక్కి పోవాలి, వెనకున్నవాడు ముందుకు రావాలి. ఎవ్వడూ ఎల్లకాలం నెట్టు దగ్గరే నిలబడడానికి వీల్లేదు. ఆ నియమం మా ఊళ్లో మరెక్కడా లేదు. అందుకే ఆ ఆట మీద మాకంత మక్కువ కలిగింది.

ఐతే మా సంఘ పెద్దలలో ఒకరికి ఇది నచ్చలేదు. ఆదివారం ఆరాధన ముగిసిన తర్వాత సాయంత్రం మేము నెట్టు కడితే, "దేవుని దినాన ఈ గంతులేమిటి?" అని కోపపడ్డారు. తగవు పాస్టరు అయ్యగారి దగ్గరకు పోయింది. ఆయన నవ్వి, మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఈ ఆట పుట్టుక చెప్పారు. 1895లో అమెరికాలోని హోల్యోక్ అనే పట్టణంలో క్రైస్తవ యువజన సంఘం, అంటే వై.ఎం.సి.ఎ.లో వ్యాయామం నేర్పే విలియం మోర్గాన్ అనే ఆయన దీనిని కల్పించారు. బాస్కెట్‌బాల్ కూడా అంతకు నాలుగేళ్ల ముందు వై.ఎం.సి.ఎ. శిక్షణాలయంలోనే పుట్టింది. అది వయసు మళ్లినవారికి కష్టంగా ఉన్నదని, ఒకరినొకరు తగలకుండా, మధ్యన నెట్టు పెట్టి ఆడే ఆటను మోర్గాన్ ఆలోచించారు. మన దేశానికి కూడా దీనిని తెచ్చింది వై.ఎం.సి.ఎ. వారే. 1920లో మద్రాసులో హ్యారీ బక్ స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలలో చదివినవారు దక్షిణాదిన ఎన్నో బడులలో ఆటలు నేర్పారు.

అయ్యగారు ఇంకొక మాట చెప్పారు. డోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1909లో ఈ ప్రాంతానికి రాకముందు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేసినవారు. 1912లో ఆయన బిషప్ అయినప్పుడు ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. "పౌలు భక్తుడు కూడా పరుగుపందెం సంగతి ఎత్తి సంఘానికి బుద్ధి చెప్పాడు. ఆట తప్పు కాదు, ఆటలో తప్పు చేయడమే తప్పు" అన్నారు అయ్యగారు. పెద్దాయన సమాధానపడ్డారు. ఆ చివరి మాటను మేము పది సంవత్సరాల తర్వాత గాని గ్రహించలేదు.

ముందు మా జనగామ మైదానాల సంగతి. అది కరువు నేల. మొరం గట్టిగా ఉండేది. కింద పడి బంతి తీస్తే మోకాలి చర్మం మైదానానికే అంటుకొనేది. ఆటకు ముందు నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది గాని, ఆడవాళ్లు మైలు దూరం నుండి బిందెలతో నీళ్లు మోస్తుంటే మైదానానికి చల్లే మనసు ఎవరికి వస్తుంది? మేము స్నానం చేసిన నీళ్లను కుండలో పట్టి తెచ్చి చల్లేవాళ్లము. గీతలు ముగ్గుపిండితో, అదీ లేకపోతే పొయ్యి బూడిదతో వేసేవాళ్లము.

మహబూబాబాద్ మైదానాలు వేరు. మా పెద్దలు మానుకోట అనే పిలిచేవారు. ఆ వైపు మిరప పంట ఎక్కువ. మాఘ ఫాల్గుణాల్లో కళ్లాల నిండా మిరపకాయలు ఎర్రగా పరచి ఉండేవి. గాలి ఇటు తిరిగితే సర్వీసు చేసేవాడు ముందు తుమ్మాలి, తర్వాత కొట్టాలి. ఒకసారి క్రిస్మస్ తర్వాత అటు ఆడడానికి వెళ్లినప్పుడు డోర్నకల్‌కు కూడా పోయి అజరయ్య గారు కట్టించిన ఎపిఫనీ కెథీడ్రల్ చూశాము. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ మందిరంలో గుడి స్తంభాల పోలిక, మసీదు గుమ్మటాల పోలిక రెండూ ఉన్నాయి. ఎవరు వచ్చినా ఇది తమ దేశపు కట్టడమే అనుకోవాలని అలా కట్టించారట.

ఇప్పుడు చెప్పవలసిన సంగతి చెబుతాము. 1984 సంక్రాంతికి మానుకోట దగ్గరి ఒక పల్లెలో టోర్నమెంటు జరిగింది. ఫైనల్లో మా ఎదుట నిలిచినవారు మిరప బస్తాలు మోసే హమాలీ పిల్లలు. కాళ్లకు బూట్లు లేవు. మూడో సెట్టు మాకు 14, వారికి 13. సర్వీసు మాది. అప్పటి పద్ధతిలో పదిహేనుకు సెట్టు అయిపోతుంది, సర్వీసు చేసేవారికే పాయింటు వస్తుంది. ఆ జట్టు నాయకుడు ఎగిరి కొట్టాడు. బంతి మా బ్లాక్ మీదుగా వెళ్లి గీత బయట పడింది. రెఫరీ చెయ్యి మా వైపు చూపించాడు. మేము గెలిచాము.

ఐతే ఆ బంతి మా వేలికి తగిలింది. కొనగోటికి, గాలి తగిలినంత. తగిలిన సంగతి తగిలినవానికి తెలుసు, పక్కవానికి తెలుసు, వెనకనుండి చూసిన మాకందరికీ తెలుసు. చెయ్యి ఎత్తి చెబితే సర్వీసు వారికి పోయేది, ఆట సాగేది. మేము చెప్పలేదు. ఎవరి వేలో ఇప్పుడు కూడా చెప్పము. ఆ వేలు మా ఆరుగురిదీ. ఆ నాయకుడు నెట్టు అవతల నుండి మమ్మల్ని కొంచెంసేపు చూశాడు. ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. పెంబర్తి ఇత్తడి రేకు మీద చెక్కిన షీల్డు మా ఊరికి వచ్చింది. బ్యాండు కూడా పెట్టారు. ఇంట్లో అలమరలో ఆ షీల్డు పదమూడేళ్లు ఉన్నది. దానిని తుడిచే పని మాలో ఎవరమూ ఇష్టంగా చేయలేదు.

1997 వేసవిలో భూపాలపల్లికి పిలుపు వచ్చింది. హనుమకొండ, పరకాల మీదుగా బస్సులో వెళ్లాము. ఒకప్పుడు అడవి ప్రాంతమైన అక్కడ సింగరేణి బొగ్గు గనులు వచ్చి ఊరు పెరుగుతున్న కాలమది. మైదానం మీద సన్నని నల్లటి పొడి. ఆట అయ్యేసరికి అందరి అరచేతులూ ఒక్కటే రంగు. మొదటి షిఫ్టు దిగివచ్చి స్నానం చేసి ఆటకు నిలబడిన గని కార్మికులు మా ఎదుటివారు. మాకప్పటికి నలభై దాటింది. వారు కుర్రవాళ్లు. ఓడిపోతామని తెలిసే ఆడాము.

మొదటి సెట్టులోనే ఒక వింత చూశాము. మేము కొట్టిన బంతి బయట పడింది. రెఫరీ వారికి పాయింటు ఇవ్వబోయాడు. ఇంతలో వారి పిల్లవాడు చెయ్యెత్తి, "నాకు తాకింది సార్" అన్నాడు. ఇంకోసారి కూడా అంతే. ఈల మోగకముందే చేతులు లేస్తున్నాయి. ఆట అయిన తర్వాత చాయ్ తాగుతూ అడిగాము, ఇదేమి అలవాటు తమ్మీ అని.

అతడు చెప్పిన జవాబు ఇది. "గనిలకు దిగినంక ముందు పైకప్పును ఇనుప కడ్డీతోని తట్టి చూస్తమన్నా. గట్టి శబ్దమొస్తే మంచిదే. డొల్ల శబ్దమొస్తే కప్పు వదులైనట్టు. తట్టినోనికే వినపడుతది. పని ఆగుతదని వాడు చెప్పకపోతే కిందున్నోని పానం పోతది. అట్ల చెప్పుడు అలవాటైనోళ్లం. పైకొచ్చినంక వేరే తీరుగ ఎట్లుంటం?"

తిరుగు బస్సులో ఆరుగురం మాట్లాడుకోలేదు. పరకాల దాటిన తర్వాత మాలో పెద్దవాడు, "షీల్డు తీసుకపోయి ఇచ్చొద్దాం" అన్నాడు. ఏ షీల్డు అని ఎవరూ అడగలేదు.

మానుకోట దగ్గరి ఆ పల్లెలో నాయకుడిని వెతికి పట్టుకున్నాము. నడుము నొప్పితో మోత మానేసి చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. గోనెసంచి విప్పి షీల్డు ముందు పెట్టి, తప్పు ఒప్పుకున్నాము. ఆయన చాలాసేపు దానిని చూశాడు. "గప్పుడే జూసిన అన్నా, మీ వేలు కదిలింది. చెప్తరేమో అని జూసిన" అన్నాడు. క్షమించానని గాని, లేదని గాని అనలేదు. కొంచెంసేపు ఆగి, "ఈ రేకు నాకెందుకు? మా పిల్లగాండ్లకు ఆడుకోను బంతి లేదు, ఒక బంతి కొనియ్యుండ్రి" అన్నాడు.

కొనిచ్చాము. ఆ సంవత్సరం మొదలు ప్రతి సంక్రాంతికి ఒక బంతి పంపుతున్నాము. షీల్డు మాత్రం ఆయన తీసుకోలేదు. అది గోనెసంచిలోనే తిరిగివచ్చింది.

ఆ తర్వాత ఆట మారింది. 1998 తర్వాత కొత్త పద్ధతి వచ్చింది. ఇప్పుడు సర్వీసు ఎవరిదైనా ప్రతి బంతికీ పాయింటు ఉన్నది, సెట్టు ఇరవై ఐదుకు. మా ప్రాంతమూ మారింది. అప్పుడు వరంగల్ జిల్లాలోవైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016లో జిల్లా కేంద్రాలైనాయి. మా ఆరుగురిలో ముగ్గురు ప్రభువునందు నిద్రించారు. మిగిలిన ముగ్గురి మోకాళ్లు మెట్లు ఎక్కడానికి కూడా ఒప్పుకోవడం లేదు. మేమాడిన నలభై ఒక్క మైదానాల్లో పదికి పైగా ఇప్పుడు ఇళ్ల స్థలాలుగా మారాయి.

గనుక తల్లిదండ్రులకు ఒక మనవి. 2022లో మన పల్లెల్లో క్రీడా ప్రాంగణాలు ఏర్పడ్డాయి. స్తంభాలు ఎవరు నాటినా, సాయంత్రం నెట్టు కట్టవలసింది ఊరివారమే. పిల్లవాడు ఫోను వదలడం లేదని బాధపడే తండ్రి వారానికి రెండు రోజులు తానే బంతి పట్టుకొని పోతే బాగుంటుంది. ఆడపిల్లలను కూడా పంపండి. బాడ్మింటన్‌లో ఒలింపిక్ పతకాలు తెచ్చిన పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవారే. తండ్రి రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన మన జట్టులోనివారు. అందరి పిల్లలూ అంతవారు కానక్కరలేదు. ముందున్నవాడు వెనక్కి జరగడం, తాకితే తాకిందని చెప్పడం, ఈ రెండూ నేర్చుకుంటే చాలు. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని ఈ రెండు పాఠాలు మైదానంలో ఒక్క సాయంత్రంలో ఎక్కవచ్చు. మాకు మాత్రం పదమూడేళ్లు పట్టింది.

ఆ సాయంత్రం మనుమడు మైదానాల జాబితా పూర్తిచేసి, ప్రతి పేరు పక్కన గెలిచారా, ఓడారా అని అడిగి రాసుకున్నాడు. 1984, మానుకోట దగ్గరకు వచ్చాడు. "ఇది గెలిచిండ్రు కదా, షీల్డు చూసిన" అన్నాడు.

మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

"ఓడిపోయినం అని రాయి బిడ్డా" అన్నాము.