పలకలు సరే, బ్యాటరీల మాటేమిటి?

కంటైనర్ గదులకు సోలార్ కరెంటు: పల్లెలు ముందే తేల్చుకోవలసిన లెక్కలు

ఓడల్లో సరుకు మోసి మూలపడిన ఇనుప కంటైనర్లను గదులుగా మార్చి, పైన సోలార్ పలకలు పరచి, లోపల బ్యాటరీలు అమర్చి, కరెంటు లేని ఊళ్లకు పంపే పద్ధతి పలు దేశాల్లో వ్యాపిస్తోంది. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలో కొన్ని పల్లెలకు ఈ విధంగానే వెలుగు వచ్చింది. తీగలు లాగడం కష్టమైన మన అటవీ గ్రామాలకు కూడా ఇది అనువైనదే. అయితే కంటైనర్ దించి పలకలు బిగించడం నాలుగు రోజుల పని. నాలుగైదేళ్ల తర్వాత బ్యాటరీలు పాడైతే ఎవరు మారుస్తారు, ఆ సొమ్ము ఎక్కడిది అన్నదే అసలు ప్రశ్న.

కంటైనర్ గది మన పల్లెలకు కొత్త కాదు. ములుగు జిల్లా కన్నాయిగూడెం మండలం బంగారుపల్లిలో 2024 సెప్టెంబరులో కంటైనర్ పాఠశాలను మంత్రి సీతక్క ప్రారంభించారు. అంతకుముందు అక్కడి పిల్లలు గుడిసెలో చదువుకునేవారు. తాడ్వాయి మండలం పోచాపూర్‌లో కూడా అదే ఏడాది కంటైనర్ ఆసుపత్రి వెలిసింది. అడవిలో పక్కా కట్టడానికి అనుమతులు చిక్కుముడి కావడంతో, కావాలంటే ఎత్తి మరోచోట పెట్టగల గదిని అధికారులు ఎంచుకున్నారు. ఇలాంటి గదుల కప్పునే కరెంటు తయారీకి వాడుకోవచ్చన్నది ఇప్పటి ఆలోచన.

లైను ఉన్న ఊరి సంగతి వేరు

నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో 2025లో 480 ఇళ్లకు 3 కిలోవాట్ల చొప్పున సోలార్ పలకలు అమర్చారు. మిగులు కరెంటు లైనులోకి పోతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ.78 వేల వరకు సబ్సిడీ ప్రకటించారు. అయితే ఆ సబ్సిడీ లైనుకు కలిపిన ఇళ్లకే. ఒక సంగతి చాలామందికి తెలియదు. లైనుకు కలిపిన మామూలు పలకలు, లైనులో కరెంటు పోతే, ఎండ మండుతున్నా ఆగిపోతాయి. స్తంభంపై పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు రాకుండా చేసిన ఏర్పాటిది. కాబట్టి లైను లేని ఊరికైనా, తరచూ కరెంటు పోయే ఊరికైనా బ్యాటరీ తప్పదు.

కంటైనర్ లెక్క

చిన్న కంటైనర్ పొడవు 20 అడుగులు, వెడల్పు 8 అడుగులు. కప్పు 160 చదరపు అడుగులు. దానిపై మూడు పెద్ద పలకలు సులువుగా పడతాయి. అంటే సుమారు ఒకటిన్నర కిలోవాట్లు. మంచి ఎండ రోజున ఇవి 6 యూనిట్ల వరకు ఇస్తాయి. రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు, టీకా మందుల ఫ్రిజ్ ఉన్న ఉపకేంద్రానికి రోజుకు 3 యూనిట్లు కావాలనుకుంటే ఇది సరిపోతుంది.

చిక్కు వానాకాలంలో ఉంది. రెండు రోజులు ముసురు పట్టిందంటే 6 యూనిట్ల నిల్వ కావాలి. ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడే 150 ఆంపియర్ల బ్యాటరీలో 1.8 యూనిట్లు పడుతుంది. అందులో సగం వరకే వాడుకోవాలి. అంతకు మించి పిండితే అది త్వరగా చెడుతుంది. ఆ లెక్కన ఏడు బ్యాటరీలు కావాలి. ఒక్కొక్కటి రూ.15 వేలు అనుకున్నా లక్ష రూపాయలు దాటుతుంది. ఐదేళ్లకు ఒకసారి మార్చాలంటే నెలకు రూ.1,750 పక్కన పెట్టాలి. లిథియం బ్యాటరీ ధర ఎక్కువైనా పదేళ్ల వరకు మన్నుతుంది, డిస్టిల్డ్ నీళ్లు పోసే పని లేదు. ఏది కొన్నా మార్పిడి నిధి లేకుండా మొదలుపెట్టడం విత్తనం దాచకుండా పంటంతా అమ్ముకోవడమే.

వేడిమి మరో శత్రువు. ఎండాకాలంలో ఇనుప గది పొయ్యిలా మారుతుంది. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటాక, ప్రతి 10 డిగ్రీలకు సీసం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. అందుచేత పలకలను కప్పుకు ఒక అడుగు ఎత్తున బిగించాలి. గాలి ఆడుతుంది, గదికి నీడా దొరుకుతుంది. బ్యాటరీలను గాలి వచ్చే నీడలో విడిగా ఉంచాలి. పిల్లలు, రోగులు ఉండే గదిలో పెట్టరాదు. ఓడల్లో తిరిగిన పాత కంటైనరైతే మరో జాగ్రత్త కావాలి. పురుగు పట్టకుండా దాని చెక్క నేలకు మందు పట్టించి ఉంటారు. ఆ నేలను మార్చకుండా బడికి వాడటం మంచిది కాదు.

మరమ్మతుకు మనిషేడీ?

అడవిలో ఒక ఫ్యూజు పోతే పట్నం నుంచి మెకానిక్ వచ్చేసరికి వారం పట్టవచ్చు. మండలానికి ఇద్దరు స్థానిక యువకులకు ఈ పని నేర్పితే ఊరికి సౌకర్యం, వారికి ఉపాధి. ఇందుకు దారి లేకపోలేదు. హైదరాబాద్‌లోని యూసుఫ్‌గూడలో కేంద్ర ప్రభుత్వ చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఉంది. 1960లో ఢిల్లీలో మొదలై 1962లో హైదరాబాద్‌కు వచ్చింది. సియెట్‌గా పేరుపడి, ఇప్పుడు జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా నడుస్తోంది. చిన్న పరిశ్రమ పెట్టేవారికి మెళకువలు నేర్పడమే దాని పని. జిల్లా యంత్రాంగం ఇలాంటి సంస్థలతో మాట్లాడి, కంటైనర్ల కొనుగోలుకు ముందే యువకులను తయారు చేయించాలి.

పాత బ్యాటరీల విషయంలోనూ ఏమరుపాటు తగదు. సీసం, యాసిడ్ వాగులో కలిస్తే పశువులకూ మనుషులకూ ముప్పే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులదే. కొనుగోలు ఒప్పందంలో ఈ మాట రాయించుకోవాలి.

కంటైనర్ వస్తుందనగానే సంతోషించడం సహజం. కానీ గ్రామసభలో ముందుగా మూడు ప్రశ్నలు అడగాలి. మరమ్మతు ఎవరు చేస్తారు? నెలనెలా నిధి ఎవరు జమ చేస్తారు? పాత బ్యాటరీ ఎవరు తీసుకుపోతారు? ఈ మూడింటికీ కాగితంపై జవాబు వచ్చాకే తీర్మానంపై సంతకం పెట్టడం మేలు.