క్యాంపస్ కబురు అమ్మ ఫోన్‌కూ రావాలి

మా ఇంట్లో రెండు ఫోన్లున్నాయి. పెద్దమ్మాయి చదివే యూనివర్సిటీ నుంచి వచ్చే మెసేజ్‌లన్నీ మా వారి ఫోన్‌కు వస్తాయి. అమ్మాయి ఎట్లుంది, హాస్టల్ ఎట్లుంది, సెలవులెప్పుడు అని అత్తమ్మ మొదలుకొని పాలు పోసే ఆమె దాకా అందరూ అడిగేది మాత్రం నన్నే. చాలా ఇళ్ళలో ఇదే వరస అనుకుంటాను.

పోనీ ఆ మెసేజ్‌లలో ఏముంటుంది? ఫీజు గడువు, అటెండెన్స్ శాతం, గడువు దాటితే ఫైన్. అన్నీ ఇంగ్లీషులోనే. మా వారు ఒకసారి చూసి, "ఏదో ఫీజు సంగతే" అని ఫోన్ పక్కన పెడతారు. అమ్మాయి వాళ్ళ డిపార్ట్‌మెంట్‌లో మూడు రోజులు పెద్ద ఫెస్ట్ జరిగిందని, అందులో మా పిల్ల స్టేజీ మీద మాట్లాడిందని నాకు తెలిసింది వాళ్ళ స్నేహితురాలి అమ్మ పెట్టిన వాట్సాప్ స్టేటస్ చూశాకే.

ఇంకో రకం కబురు కూడా వస్తుంది, టీవీలో కింద స్క్రోలింగ్‌గా. ఫలానా హాస్టల్లో విద్యార్థులకు అస్వస్థత. ఫలానా క్యాంపస్‌లో ఉద్రిక్తత. అంటే మన పిల్లలు చదివే చోటు గురించి మనకు అందేవి రెండే: కట్టాల్సిన డబ్బు, జరిగిపోయిన ఘోరం. ఈ రెంటి మధ్య పిల్లలు తింటూ, చదువుతూ, ఆడుతూ పాడుతూ గడిపే రోజుల సంగతి ఎవరూ చెప్పరు. ఆ ఖాళీలోనే పుకార్లు పుడతాయి.

పట్నంలో ఉండేవాళ్ళకు ఇది చిన్న విషయమే కావచ్చు. అనుమానం వస్తే స్కూటీ తీసి గంటలో క్యాంపస్ గేటు ముందుంటారు. మా నారాయణఖేడ్ అట్లా కాదు. ఒకవైపు కర్ణాటక, ఇంకాస్త పైకి పోతే మహారాష్ట్ర. 2016లో సంగారెడ్డి జిల్లా అయ్యాక మాది రెవెన్యూ డివిజన్ అయింది కానీ, ఇంజినీరింగ్ అన్నా పీజీ అన్నా పిల్లలు ఊరు దాటాల్సిందే. అబ్బాయి దాటితే ఎవరూ ఏమీ అనరు. అమ్మాయి దాటిందంటే ఆ నిర్ణయానికి ప్రతి నెలా మళ్ళీ మళ్ళీ పరీక్షే. పెద్దవాళ్ళను ఒప్పించి పంపిన తల్లే ఏ మాట వచ్చినా జవాబు చెప్పుకోవాలి.

మా వీధిలో జరిగిందొకటి చెబుతాను, పేర్లు లేకుండా. ఒక అమ్మాయి హాస్టల్లో నీళ్ళ ట్యాంకు కడిగారు. రెండు రోజులు బయటి నుంచి నీళ్ళు తెప్పించారు. అంతే జరిగింది. ఆ మాట ఒక డ్రైవర్ నోట, ఒక బంధువు నోట పడి ఇక్కడికి చేరేసరికి "నీళ్ళు తాగి ఆడపిల్లలు పడిపోయిన్రట" అయింది. ఆ రోజే అమ్మాయి ఫోన్ చార్జింగ్ అయిపోయి పలకలేదు. తాతయ్య ఒకటే మాట: "చదువు తర్వాత, ముందు పిల్లను తోల్కరాండ్రి." తల్లి దగ్గర చెప్పడానికి ఏముంది? కాలేజీ ఏమీ చెప్పలేదు కదా. మర్నాడు పోయి తీసుకొచ్చారు. ఒక ఇంటర్నల్ పరీక్ష పోయింది. వారం తిరక్కుండానే ఎవరో "ఎట్లాగూ ఇంటికొచ్చింది కదా, ఒక సంబంధముంది" అన్నారు. ఆ పిల్ల గట్టిది కాబట్టి, తల్లి అంతకంటే గట్టిది కాబట్టి పన్నెండు రోజులకు మళ్ళీ బస్సెక్కింది. అందరూ అంత గట్టిగా ఉండరు. "ఈరోజు, రేపు ట్యాంకులు శుభ్రం చేస్తున్నాం, నీళ్ళు బయటి నుంచి వస్తాయి" అని హాస్టల్ నుంచి ఒక్క మాట వచ్చి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

నిజంగా కష్టం వచ్చినప్పుడు కూడా పరిస్థితి ఇంతే. బాసర ట్రిపుల్ ఐటీ గుర్తుందా? 2008లో పెట్టిన ఆర్జీయూకేటీ. పదో తరగతి కాగానే తీసుకుంటారు, రెండేళ్ళు ఇంటర్ స్థాయి చదువు, నాలుగేళ్ళు బీటెక్, మొత్తం ఆరేళ్ళు. ఎక్కువమంది పల్లెల పిల్లలు, ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలు. అక్కడ అడుగుపెట్టేనాటికి పదిహేను, పదహారేళ్ళు. మాకు మరీ దూరం కాదు, పిట్లం, బాన్సువాడ, బోధన్ మీదుగా పోతే బాసర. సరస్వతీ అమ్మవారి దగ్గర అక్షరాభ్యాసం చేయించిన చోటుకే పెద్ద చదువుకూ పంపుతున్నామని మురిసే ఇళ్ళు మా దిక్కు ఉన్నాయి.

2022 జూన్ 14న అక్కడి పిల్లలు 12 డిమాండ్లతో బైఠాయించారు. శాశ్వత వైస్ చాన్సలర్ కావాలన్నారు, మెస్ బాగుచేయమన్నారు, లాప్‌టాప్‌లు, యూనిఫాంలు అడిగారు. ఎండనక వాననక వారం రోజులు వేల మంది పిల్లలు కూర్చున్నారు. చివరికి మంత్రి సబితా ఇంద్రారెడ్డి వెళ్ళి మాట్లాడాక 20వ తేదీ రాత్రి విరమించారు. ఆ వారమంతా ఊళ్ళలో ఉన్నవాళ్ళకు క్యాంపస్ లోపలి సంగతులు తెలిసింది ఎక్కువగా పిల్లలు తీసి పంపిన ఫోన్ వీడియోల వల్లే, వాళ్ళు ట్విట్టర్‌లో పెట్టిన మాటల వల్లే. ఆ తర్వాత నెల తిరక్కుండానే, జూలై 15న, మెస్‌లో తిని వందమందికి పైగా అస్వస్థులయ్యారు. మళ్ళీ టీవీలే.

ఆ పిల్లలు అడిగినవి నాకు చాలా న్యాయంగా అనిపించాయి. అయితే ఆ రోజుల్లో నేను ఎక్కువగా ఆలోచించింది తల్లుల గురించి. మెస్ బాగాలేదని పిల్లలు వారం కూర్చున్నారంటే అది ఒక్క రోజులో పాడైన మెస్ కాదు. ఏ పిల్లా ఇంటికి ఫోన్ చేసి అన్నం బాగాలేదని చెప్పదు, అమ్మ బాధపడుతుందని. "తిన్నావా" అంటే "తిన్నా" అంటుంది, అయిపోయింది. నెలకోసారి మెస్ కమిటీ ఏం మాట్లాడుకుంది, ఏం మార్చింది అని నాలుగు మాటలు ఇంటికి పంపే పద్ధతి ఉంటే, పిల్లలు ఎండలో కూర్చోకముందే పెద్దవాళ్ళు గొంతు కలిపేవాళ్ళు కదా.

ఈ మాట మా అమ్మాయితో అంటే ఒప్పుకోలేదు. "నేను ఎప్పుడు గేటు దాటింది, ఏ క్లాసు ఎగ్గొట్టింది అన్నీ నీకు మెసేజ్ రావాలా అమ్మా? నాకు ఇరవై నిండినయి" అంది. తన మాటలో తప్పేం లేదు. ఇక్కడే చాలా కాలేజీలు పొరపడుతున్నాయి. తల్లిదండ్రులకు సమాచారం ఇవ్వడమంటే పిల్లల మీద నిఘా పెట్టడమనే అనుకుంటున్నాయి. అటెండెన్స్ 74 శాతానికి పడిందని మెసేజ్ పంపితే బాధ్యత తీరినట్టే. పిల్ల ఎక్కడుందో చెప్పే యాప్ ఉంది. ఆ పిల్ల ఉండే చోటు ఎట్లుందో చెప్పే ఏర్పాటు మాత్రం లేదు.

అమెరికాలో దీన్ని వేరుగా చూస్తారు. మా పిన్ని కొడుకు అక్కడ ఎంఎస్ చేసేటప్పుడు, మార్కులు కనుక్కుందామని పిన్ని కాలేజీకి ఈమెయిల్ రాయించింది. చెప్పం అన్నారు. అక్కడ 1974 నుంచి ఫెర్పా అని ఒక చట్టముంది. పిల్లలకు 18 నిండినా, కాలేజీలో చేరినా, చదువు రికార్డుల మీద హక్కు సాధారణంగా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు మారిపోతుంది. పిన్ని ఆ రోజంతా అలిగింది. కానీ అవే కాలేజీల్లో చాలా చోట్ల తల్లిదండ్రుల కోసం వేరే ఆఫీసు ఉంటుంది, నెలనెలా వార్తల ఉత్తరం వస్తుంది, ఏడాదికోసారి కుటుంబాలను క్యాంపస్‌కు పిలిచి రెండు మూడు రోజులు అన్నీ చూపిస్తారు. పిల్లవాడి మార్కులు చెప్పరు, లైబ్రరీ ఎన్ని గంటలదాకా తెరిచి ఉంటుందో చెబుతారు. చలికాలం వస్తోంది, ఏం బట్టలు పంపాలో చెబుతారు. మన దగ్గర సరిగ్గా దీనికి తిరగేసి ఉంది.

నాకు మార్కులు అక్కర్లేదు, అవి అమ్మాయే చెబుతుంది, కాస్త ఆలస్యంగానైనా. నాకు కావలసింది వేరే. వార్డెన్ మారారా, కొత్త ఆమె నంబర్ ఏమిటి? రాత్రి జ్వరమొస్తే క్యాంపస్‌లో డాక్టర్ ఉంటారా? బతుకమ్మకు సెలవులు ఎప్పటి నుంచి? ఆ ముందు రోజు సాయంత్రం దాకా పరీక్ష పెడితే పిల్ల ఏ బస్సెక్కి ఎన్ని గంటలకు ఇల్లు చేరుతుంది? ఇవి పిల్లల గుట్టు కాదు, వాళ్ళు నొచ్చుకునేవీ కాదు.

ఇవి తెలుగులో రావాలి. తెలుగు అంటే కూడా మా దగ్గర సరిపోదు. మా చుట్టూ తండాలున్నాయి. అక్కడ ఇంటి భాష లంబాడీ. దసరా దాటితే ఎన్నో కుటుంబాలు చెరకు నరకడానికి వలసపోతాయి, కొందరు కర్ణాటకకు, కొందరు మహారాష్ట్రకు. ఆ ఇళ్ళ పిల్లలు కూడా ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నారు. చెరకు తోటలో గుడిసె వేసుకున్న తల్లిని యాప్ దించుకోమని, పాస్‌వర్డ్ పెట్టుకోమని చెప్పడం హాస్యం. ఆమెకు కావలసింది మాట. ఫోన్ ఎత్తితే వినిపించే మాట. అది కుదరదని ఎవరూ అనకండి. ఎన్నికలొస్తే "నమస్కారం, నేను మీ..." అంటూ రోజుకు నాలుగుసార్లు మోగుతుంది కదా ప్రతి ఫోనూ! ఓటుకు పనికొచ్చిన ఏర్పాటు పిల్లల కబురుకు పనికిరాదా?

ఎవరి ఫోన్‌కు అన్నది కూడా అంతే ముఖ్యం. మా చిన్నమ్మాయిని చేర్చేటప్పుడు ఫారంలో నంబర్ రాసే గడి ఒక్కటే ఉంది. మా వారి నంబర్ రాశాక పక్కన నాది కూడా రాశాను. కౌంటర్లో ఉన్నాయన "ఒకటి చాలమ్మా" అన్నాడు. "ఆయన డ్యూటీలో ఉంటే ఫోన్ ఎత్తరండీ, నేనైతే ఎత్తుతాను" అన్నాను. కంప్యూటర్లో రెండో నంబర్‌కు చోటుందట, ఎవరూ అడగక నింపరట! మీరూ అడగండి.

చివరగా ఒక సంగతి, ఇది చాలామందికి తెలియదు. చేరేటప్పుడు ర్యాగింగ్ చేయనని పిల్లలతోపాటు తల్లిదండ్రులు కూడా ప్రమాణపత్రం ఇవ్వాలి. మనం ఏమిటో చదవకుండా సంతకం పెట్టేస్తాం. హిమాచల్‌ప్రదేశ్‌లో ఒక మెడికల్ కాలేజీ కుర్రవాడు ర్యాగింగ్ వల్ల ప్రాణం పోగొట్టుకున్న 2009లోనే యూజీసీ తెచ్చిన నిబంధనలవి. వాటిలో మన బాధ్యత ఒక్కటే లేదు, కాలేజీ బాధ్యత కూడా రాసి ఉంది. మొదటి సంవత్సరం పూర్తిచేసిన పిల్లల తల్లిదండ్రులకు, ఏడాది చివర కాలేజీ పెద్ద స్వయంగా ఉత్తరం పంపాలి, రేపు సీనియర్లుగా తిరిగొచ్చే పిల్లలు ర్యాగింగ్‌కు దూరంగా ఉండేలా చూడమని. మా పెద్దమ్మాయి మొదటి సంవత్సరం దాటి రెండేళ్ళయింది, మా ఇంటికి ఆ ఉత్తరం రాలేదు. నేనడిగిన నలుగురు తల్లులూ అట్లాంటిది చూడలేదన్నారు.

అంటే ఇంటికి కబురు పంపడం కాలేజీ దయ కాదు, కనీసం ఒక్క ఉత్తరమైనా రాసి ఉన్న బాధ్యతే. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు పిలిస్తే మార్కుల లిస్టు చూసుకుని వచ్చేయకుండా, ఆ ఉత్తరం ఏదని అడుగుదామని మేం ఐదుగురం అనుకున్నాం. తెలుగులో ఇవ్వమని కూడా అడుగుతాం. దాంతోపాటే వార్డెన్ నంబరూ, మెస్ కమిటీలో ఎవరున్నారన్నదీ.

అందాకా ఈ రెండు నంబర్లు బీరువా తలుపు మీద రాసుకోండి, పిల్లల ఫోన్లలో కూడా వేయించండి. ర్యాగింగ్ ఫిర్యాదుకు యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. మనసు బాగాలేక ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ 14416, తెలుగులో కూడా మాట్లాడతారు. ఇది పిల్లలకే కాదు, రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చునే తల్లులు కూడా చేయవచ్చు.