పేరు కలిస్తే మనిషి ఒకడేనా?

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ పలు శాఖల పట్టికలలోని పేర్లను, చిరునామాలను పోల్చి కుటుంబాల ఆస్తిపాస్తులను అంచనా వేస్తుంది. అది ఒక పేద ముస్లిం రిక్షా కార్మికుని కారు యజమానిగా ఎంచగా, ఆ ఇంటికి రేషన్ కార్డు దక్కలేదన్న ఉదంతం 2024లో వార్తలకెక్కింది. ఆ కారు దాదాపు అదే పేరుగల మరొకరిది. షేక్, సయ్యద్, మహమ్మద్ పేర్లు ఇంటింటా వినిపించే మన సమాజానికి ఇది చిన్న ప్రమాదం కాదు.

సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన పిటిషన్‌పై, 2016 నుండి రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో పునఃపరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఇది పొరుగు రాష్ట్రపు సంగతే కదా అని కపిలేశ్వరపురంలో మేము ఊరుకోజాలము. యంత్రం అనుమానించవచ్చును; తీర్పు మాత్రం గడపకు వచ్చి చూసిన మనిషే చెప్పాలి. నోటీసు, విచారణ లేనిదే ఎక్కడా ఎవరి కార్డూ తొలగించరాదని మా డిమాండు.