అన్నం కలపలేని చెయ్యి

పోయిన జూలై సంగతి. వెర్రిబీలో ఆ నెల చలి ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. నా కుడిచేతి వేళ్ళు ఎర్రబడి, దురదపెట్టి, కణుపుల దగ్గర పగిలిపోయాయి. ఒకరోజు మా బాబుకి ఆవకాయ అన్నం కలపబోయి, మంటకి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "స్పూన్‌తో పెట్టమ్మా, పర్లేదు" అన్నాడు ఆరేళ్ళవాడు. వాడికి పర్లేదు. నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తప్పు సబ్బుదే అనుకున్నాను. రెండు నెలల్లో నాలుగు మార్చాను. ఒకదాని మీద "నేచురల్", ఇంకోదాని మీద "జెంటిల్", మూడోది మేకపాలది. అత్తయ్యగారు వీడియో కాల్‌లో చూసి, "సబ్బులు మానేసి సున్నిపిండి రాసుకోవే" అన్నారు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన నేను మాత్రం ఒక్కసారైనా పెట్టె వెనకవైపు చదవలేదు!

తర్వాత కూర్చుని చదివాను. నూనెకో కొవ్వుకో కాస్టిక్ సోడా కలిపితే వచ్చేదే సబ్బు. సోడియం పామేట్ అంటే పామాయిల్‌ది, సోడియం టాలోవేట్ అంటే పశువుల కొవ్వుది. అసలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. మన చర్మానిది 5 దగ్గర. అందుకే పొడిచర్మం వాళ్ళకి ఎంత మంచి సబ్బైనా కాస్త లాగినట్టుంటుంది. సోడియం కోకోయిల్ ఐసిథయొనేట్ లాంటివి వాడిన బార్లు చూడ్డానికి సబ్బులాగే ఉన్నా, పీహెచ్ చర్మానికి దగ్గరగా ఉంటుంది.

అలాంటి బారు వాడినా నా చెయ్యి తగ్గలేదు. జీపీ చర్మం డాక్టరు దగ్గరికి రాసిచ్చారు. ప్యాచ్ టెస్ట్ చేశారు. సోమవారం వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించారు, బుధవారం తీసి చూశారు, శుక్రవారం మళ్ళీ చూశారు. అన్నాళ్ళూ వీపు తడపకూడదు. ఒక్క గడి ఎర్రగా పొంగింది. దాని పేరు మిథైల్ ఐసోథయాజోలినోన్. నీళ్ళు కలిసిన ద్రవాలు పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్. 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దీన్నే ఆ ఏటి అలర్జెన్‌గా ప్రకటించింది. ఒంటికి రాసుకుని వదిలేసే క్రీముల్లో దీన్ని వాడకూడదని యూరప్‌లో 2017 నుంచి నిషేధం.

బార్ సబ్బుకి సాధారణంగా ఇది అవసరమే ఉండదు. మరి నాకెక్కడిది? సింకు పక్కన అంట్లు తోమే లిక్విడ్‌లో! సీసా మీద పూర్తి జాబితా లేదు. తయారీదారుకి మెయిల్ పెట్టి అడిగితే, అవును, ఉందన్నారు. నేను ఒంటిసబ్బులు మారుస్తూ, రోజుకి మూడుసార్లు అదే లిక్విడ్‌లో చెయ్యి ముంచుతున్నాను.

ఇప్పుడు షాపులో ముందు పెట్టె వెనక్కి తిప్పుతాను. ఇక్కడ కాస్మెటిక్స్ మీద పదార్థాల పేర్లు రాయడం తప్పనిసరి. పర్‌ఫ్యూమ్, ఫ్రాగ్రన్స్ అన్న ఒక్క మాట వెనక పదుల కొద్దీ పదార్థాలు ఉండొచ్చు. "అన్‌సెంటెడ్" అన్నా సరిపోదు, వాసన తెలియకుండా మరో వాసన కలిపి ఉండొచ్చు. "ఫ్రాగ్రన్స్ ఫ్రీ" అని ఉండాలి. కొత్తది కొంటే వారం రోజులు ముంజేతి లోపలివైపు మాత్రమే వాడి చూస్తాను.

మరి సున్నిపిండో? ఉత్త పెసరపిండి నాకు పడింది. కానీ అత్తయ్యగారు పంపిన దాంట్లో బావంచాలు ఉన్నాయి. వాటిలో సోరలెన్లుంటాయి, అవి ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలిపోవచ్చు. ఇక్కడి ఎండ సంగతి తెలిసిందే కదా. ఇంట్లో చేసిందైనా అందులో ఏముందో అడగాల్సిందే. అడిగాను. "ఈసారి అవి లేకుండా ఆడిస్తాలే" అన్నారు నవ్వుతూ.

లిక్విడ్ మార్చి, లోపల నూలు గుడ్డ ఉన్న గ్లవుజులు వేసుకుని తోమడం మొదలుపెట్టాక, చెయ్యి మానడానికి ఆరు వారాలు పట్టింది. మీకూ ఏ సబ్బు మార్చినా తగ్గకపోతే, బాత్రూంతో ఆగకండి. సింకు దగ్గరున్నవీ, బట్టలుతికేవీ, పిల్లల వైప్స్ కూడా చూడండి. పరీక్ష చేయించుకుని ఆ పేరు తెలుసుకుని, ఫోన్లో రాసి పెట్టుకోండి.

మొన్న ఆదివారం ఆవకాయ అన్నం కలిపాను. బాబు మూడు ముద్దలు ఎక్కువే తిన్నాడు.