చెంబా, జాడీయా?

మా బావగారికి డయాలిసిస్ మొదలై ఏడాది దాటింది. నీళ్లు తగ్గించమని డాక్టరుగారు చెప్పగానే మేము చెంబు దాచాము; ముద్దలోకి ఊరగాయ జాడీ మాత్రం దాచలేదు. తిరుమణి దగ్గర సోలారు పార్కు వెలసినంత ఎండ మన పావగడ తాలూకాది. దాహమని ఆయన, వద్దని మేము, రోజూ ఇదే రగడ. సోమవారం తూకం వేస్తే మూడు కిలోలు ఎక్కువ. రాత్రి పడుకుంటే ఆయాసం.

తప్పు చెంబుది కాదు, జాడీది. మూత్రపిండాలు పనిచేయనప్పుడు తిన్న ఉప్పు ఒంట్లోనే నిలిచిపోతుంది. సుమారు 8 గ్రాముల ఉప్పు లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. దాహమూ అదే పుట్టిస్తుంది. ఆరోగ్యవంతులకే రోజుకు 5 గ్రాములు, అనగా ఒక టీ చెంచా, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఊరగాయ, అప్పడం, వడియం, ఊరమిరపకాయ, బేకరీ సరుకు, అన్నీ ఆ లెక్కలోవే.

మరొక పొరపాటూ ఒప్పుకోవాలి. సోడియం తక్కువ ఉప్పని మేమే ఒక పొట్లం కొన్నాము. వెనుక చదివితే పొటాషియం క్లోరైడు! డయాలిసిస్ వారికి పొటాషియం పేరుకుంటే గుండెకే ముప్పు. పొట్లం విప్పనే లేదు.

ఇప్పుడు మా ఇంట అందరికీ ఒకటే వంట: మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కాస్త నిమ్మరసం. బావగారి ఉప్పు డాక్టరుగారు చెప్పిన కొలతకు ఉదయమే చిన్న డబ్బీలో పోస్తాము. ఆ రోజుకు అంతే. కొన్నాళ్లు అందరమూ మూతి ముడిచాము. పిమ్మట నాలుక సర్దుకుంది.

చెంబు ఆయన చేతికే ఇచ్చాము. కొలతకు మించి ఆయనే అడగడం లేదు.